తడిసినా మేలుకోని బీజం

ఈ మాసం వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కనుక వాటిని ఒకచోట చేర్చాను. కరువు కాలాన్ని నిద్రలో దాటడానికి కొన్ని బాక్టీరియా కట్టుకునే గట్టి కణమైన సిద్ధబీజం, దానికీ తేమకూ ఉన్న సంబంధం ఆ విషయం. తక్కిన నాలుగింటికీ మూలమైన సందేహం మొదటి ఉత్తరంలోనే ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది. మిగిలినవారు తమ సమాధానం కురచైందని నొచ్చుకోవద్దని మనవి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరంలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. బాక్టీరియా సిద్ధబీజం లోపల నీరు చాలా తక్కువనీ, అందుకే అది వేడికి సులభంగా చావదనీ మా పుస్తకంలో ఉంది. అయితే గాలిలో తేమ పెరిగితే సిద్ధబీజం ఉబ్బుతుందనీ, తగ్గితే ముడుచుకుంటుందనీ ఒక ఉపన్యాసంలో విన్నాను. లోపలికి నీరు పోనప్పుడు ఉబ్బడం ఎలా? నీరు పోయేటట్లయితే అది పొడిగా ఎలా ఉంటుంది? (విద్యార్థిని, వరంగల్లు)

సమాధానం: మీ పుస్తకం చెప్పిందీ నిజమే, మీరు విన్నదీ నిజమే. ఆ రెంటి మధ్య వైరుధ్యం కనిపించడానికి కారణం, సిద్ధబీజాన్ని మనం ఒకే ముద్దగా, గులకరాయిలా ఊహించుకోవడం. నేను పాఠం చెప్పిన రోజుల్లో నల్లబల్ల మీద ఒక గుండ్రటి చుక్క పెట్టి, దాని చుట్టూ రెండు గీతలు గీసి ఊరుకునేవాణ్ని. ఆ బొమ్మ పిల్లలకు చేసిన అపకారం కొంత ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. తేమ తగిలినప్పుడు ఏ పొర ఏం చేస్తుందో తెలియాలంటే పొరలను విడివిడిగా చూడాలి.

ఆహారం కరువైనప్పుడు బాసిల్లస్, క్లాస్ట్రిడియం వంటి కొన్ని జాతుల బాక్టీరియా తమ కణంలోనే మరొక చిన్న కణాన్ని కట్టుకుంటాయి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఈ పని ముగియడానికి సుమారు 8 గంటలు పడుతుంది. చివరికి తల్లికణం పగిలిపోయి, దాదాపు ఒక మైక్రాన్ పొడవున్న సిద్ధబీజం బయటపడుతుంది. దాని నడిమి భాగాన్ని గర్భం అందాం. డీఎన్ఏ, రైబోసోములు, ఎంజైములు అన్నీ అక్కడే ఉంటాయి. గర్భం చుట్టూ లోపలి త్వచం, దానిపై బాక్టీరియా కణగోడల పదార్థమైన పెప్టిడోగ్లైకాన్‌తో నేసిన మందమైన వల్కలం, ఆ పైన పదుల రకాల ప్రోటీన్లు పేర్చి కట్టిన కవచం ఉంటాయి. ఆంత్రాక్స్ కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్ వంటి జాతులలో వీటన్నిటి మీదా వదులుగా వేలాడే మరో పొర కూడా ఉంటుంది.

ఇక నీటి సంగతి. పెరుగుతున్న మామూలు బాక్టీరియా కణం బరువులో దాదాపు 80 శాతం నీరే. సిద్ధబీజపు గర్భంలో మాత్రం అది జాతిని బట్టి 25 నుంచి 50 శాతం వరకే ఉంటుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. ఈ అంకె ఎండబెట్టిన సిద్ధబీజానిది కాదు, నీటిలో తేలుతున్న సిద్ధబీజానిది. చుట్టూ నీరే ఉన్నా గర్భం తన కరువును తాను కాపాడుకుంటుంది. బయటి పొరలలో, అంటే వల్కలంలోనూ కవచంలోనూ, నీరు ఇంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి మీ పుస్తకంలోని మాట గర్భానికి వర్తిస్తుంది, మీరు విన్న ఉబ్బడం ముఖ్యంగా బయటి పొరలకు వర్తిస్తుంది.

"ముఖ్యంగా" అన్నాను గాని "పూర్తిగా" అనలేదు. 2003లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు కొందరు బాసిల్లస్ తురింజియెన్సిస్ సిద్ధబీజాలను వేల సంఖ్యలో గాజుపలక మీద పరచి, యంత్రం నడిపే సూక్ష్మదర్శినితో ఒక్కొక్కదాని వ్యాసాన్ని కొలుస్తూ, చుట్టూ గాలిలోని సాపేక్ష ఆర్ద్రతను మార్చి చూశారు. ఆర్ద్రత 3 శాతం నుంచి 95 శాతానికి పెరిగినప్పుడు వ్యాసం సగటున సుమారు 4 శాతం పెరిగింది. నాలుగు శాతమేగా అనిపించవచ్చు, కాని అది వ్యాసం. ఘనపరిమాణానికి మార్చి లెక్కవేస్తే 12 శాతం దాటుతుంది. ఏ జీవక్రియా లేదనుకున్న కణానికి ఇది చిన్న కదలిక కాదు.

ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన అంశం పెరిగిన కొలత కాదు, పెరగడానికి పట్టిన కాలం. ఉబ్బడం రెండు అంచెలుగా జరిగింది. మొదటి అంచె నిమిషం లోపే పూర్తయింది. రెండోది నింపాదిగా, సుమారు 8 నిమిషాల పాటు సాగింది. మొదటిది కవచంలోకి, వల్కలంలోకి నీరు చొరబడడమనీ, రెండోది లోపలి త్వచాన్ని దాటి గర్భంలోకి నీరు మెల్లగా ఊరడమనీ వారు అర్థం చెప్పారు. అంటే గర్భానికి తలుపు లేదనుకోవడం పొరపాటు. తలుపు ఉంది, కాకపోతే చాలా ఇరుకు. పెరిగే కణం త్వచంతో పోలిస్తే ఈ లోపలి త్వచం చిన్న చిన్న అణువులను సైతం ఆపి ఆపి పంపుతుంది.

నీరు లోపలికి పోగలిగితే గర్భం ఎందుకు నిండిపోదన్నది మీ రెండో సందేహం. దూదిని గట్టిగా కుక్కి, నాలుగు వైపులా కుట్టేసిన దిండును నీళ్లలో ముంచినట్లు ఊహించుకోండి. నీరు లోపలికి పోతుంది, కాని గుడ్డ సాగదు కనుక దూది విచ్చుకోలేదు, ఆ దిండు పట్టగలిగే నీరు అంతే. సిద్ధబీజంలో ఆ గుడ్డ పని చేసేది వల్కలం. గర్భం పెరగకుండా అది చుట్టూ బిగించి పట్టుకుంటుంది. లోపల ఉండవలసిన నీటి స్థానాన్ని ముందే ఆక్రమించుకున్న పదార్థం ఇంకొకటి ఉంది. అది కాల్షియంతో జతకట్టిన డైపికొలినిక్ ఆమ్లం. సిద్ధబీజంలో ఇది ఉన్నట్లు 1953లో గుర్తించారు. మొత్తం పొడి బరువులో సుమారు పదో వంతు ఇదే. సిద్ధబీజం తయారయ్యేటప్పుడు తల్లికణం దీనిని ఉత్పత్తి చేసి గర్భంలోకి ఎక్కిస్తుంది, అది చేరిన కొద్దీ నీరు వెలికి పోతుంది. నీరు లోపలికి రాలేక కాదు, వచ్చినా నిలవడానికి చోటు లేకనే గర్భం పొడిగా ఉంటుందని చెబితే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ ఉన్న కొద్దిపాటి నీరు ఏ స్థితిలో ఉంటుందన్నదానిపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. గర్భం మొత్తం గాజులాగా గడ్డకట్టి ఉంటుందని కొందరు భావించారు. 2009లో వెలువడిన అయస్కాంత అనునాద కొలతలు అలా కాదని చూపాయి. నీటి అణువులు చాలావరకు కదులుతూనే ఉన్నాయి, కదలలేనివి ప్రోటీన్లు. అంతకు ముందు 2003లో ఆకుపచ్చగా వెలిగే ఒక ప్రోటీన్‌ను గర్భంలో ఉంచి చూసినప్పుడు, సుప్తావస్థలో అది ఎక్కడిదక్కడే నిలిచిపోయిందనీ, మొలకెత్తిన తరువాత స్వేచ్ఛగా తిరిగిందనీ తేలింది. ఎంజైము కదలకపోతే రసాయనిక చర్య జరగదు, చర్య జరగకపోతే జీవక్రియ లేదు. సిద్ధబీజం నిద్ర అంటే స్థూలంగా ఇదే.

ఇప్పుడు పైకి రండి. కవచం గట్టిదే గాని బిగుసుకుపోయిన డొల్ల కాదు. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ అనే పరికరం సన్నని సూదిమొనతో ఉపరితలాన్ని తడుముతూ దాని ఎత్తుపల్లాలను చిత్రిస్తుంది. దాని కింద ఆరిన సిద్ధబీజం ఎండుద్రాక్షలా ముడతలు పడి, పొడవునా గట్లు తేరి కనిపిస్తుంది. అదే సిద్ధబీజాన్ని నీటిలో ఉంచితే ముడతలు విచ్చుకుంటాయి. బాసిల్లస్ అట్రోఫేయస్ అనే జాతిలో, నీటిలో ఉన్నప్పటితో పోలిస్తే గాలికి ఆరినప్పుడు వెడల్పు సుమారు 12 శాతం తగ్గినట్లు 2005లో కొలిచారు. కవచానికి ఈ మడతలు లేకపోతే, లోపలి భాగం ముడుచుకున్నప్పుడు అది విడిపోవాలి, ఉబ్బినప్పుడు పగలాలి. చీర కుచ్చిళ్లు నడకకు చోటిచ్చినట్లు, ఈ మడతలు లోపలి రాకపోకలకు చోటిస్తాయి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ సిద్ధబీజం నిద్రలోనే ఉంటుందని మరచిపోకండి. వానాకాలంలో కొయ్యతలుపు ఉబ్బి గడపకు బిగుసుకుపోతుంది, ఎండాకాలంలో మళ్లీ వదులవుతుంది. దానికి తలుపులో ప్రాణం ఉండనక్కరలేదు. సిద్ధబీజం ఉబ్బడం కూడా అటువంటి భౌతికచర్యే. సాయంత్రం తేమకు ఉబ్బి మధ్యాహ్నం ఎండకు ముడుచుకునే ఈ కదలిక ఎన్నిసార్లు జరిగినా, అది నిద్రలేచినట్లు కాదు.

మీ కళాశాలలో ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని ఉంటే ఈ తేడాను మీ కళ్లతోనే చూడవచ్చు. నిద్రలో ఉన్న సిద్ధబీజం, గర్భంలో నీరు తక్కువై పదార్థం చిక్కగా ఉండడం వల్ల, ముత్యంలా మెరుస్తుంది. దానిని తడిపినంత మాత్రాన ఆ మెరుపు పోదు. మొలకెత్తినప్పుడు మాత్రం, గర్భంలోకి నీరు వెల్లువెత్తి, కొద్ది నిమిషాలలోనే నల్లబడుతుంది. సిద్ధబీజాలు సూక్ష్మదర్శినిలో కనబడడానికి వాడే మాలకైట్ గ్రీన్ రంగును ఆవిరి పట్టి మరీ ఎక్కించవలసి రావడానికి కారణం కూడా ఈ పొరల బిగువే.

ప్రశ్న: ఆసుపత్రిలో శస్త్రచికిత్స పరికరాలను శుద్ధిచేసే విభాగంలో పనిచేస్తున్నాను. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు చాలు, అదే వేడిగాలి ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచమంటారు. వేడి ఎక్కువైన చోట సమయం తగ్గాలి కదా, పెరగడమేమిటి? (ఉద్యోగి, విజయవాడ)

సమాధానం: మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ఆ రెండు పెట్టెల మధ్య తేడా వేడిది కాదు, తేమది. ఆటోక్లేవ్‌లో గాలిని వెళ్లగొట్టి ఆవిరిని నింపుతాం. ఆవిరి చల్లటి పరికరాన్ని తాకగానే నీరుగా మారి, తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని అక్కడే వదిలేస్తుంది. వేడిగాలి అంత త్వరగా వేడిని అందించలేదు. అయితే అసలు తేడా సిద్ధబీజం లోపల ఉంది. ప్రోటీన్ అణువు వేడికి విప్పారి, ముద్దకట్టి పాడవాలంటే దాని చుట్టూ కాస్త నీరు ఉండాలి. గర్భంలో తేమ ఎంత ఎక్కువైతే ప్రోటీన్లకు అంత కదలిక, ఆ కదలికే వాటిని చంపుతుంది. తడివేడికి సిద్ధబీజం చనిపోయేది ఈ విధంగానే. పొడివేడిలో ప్రోటీన్లు కదలలేవు కనుక తట్టుకుంటాయి, చివరికి దెబ్బతినేది డీఎన్ఏ. అందుకే పొడివేడి నుంచి బతికి బయటపడ్డ సిద్ధబీజాలలో ఉత్పరివర్తనాలు, అంటే డీఎన్ఏలో మార్పులు, ఎక్కువగా కనిపిస్తాయి, తడివేడి నుంచి బతికినవాటిలో అంతగా కనిపించవు.

ఇక్కడ మన ఊహకు అందని మలుపు ఒకటుంది. ఎంత పొడిగా ఉంటే అంత గట్టిగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. 1966లో ఆస్ట్రేలియాలో మరెల్, స్కాట్ అనే శాస్త్రవేత్తలు సిద్ధబీజాలను వేర్వేరు తేమ స్థాయిల వద్ద ఉంచి వేడిచేసి చూశారు. నీటి లభ్యతను కొలిచే నీటి క్రియాశీలత అనే కొలతలో పూర్తి పొడి అంటే 0, శుద్ధజలం అంటే 1. వేడిని అత్యధికంగా తట్టుకున్నవి 0 దగ్గర ఉన్నవి కావు, 0.2కూ 0.4కూ మధ్య ఉన్నవి. మరీ ఎండిపోయినప్పుడు కూడా అణువుల కట్టడాన్ని నిలబెట్టే ఆఖరి నీటిపూత పోయి, అవి వేడికి మళ్లీ బలహీనపడతాయి. తడిస్తే ఒక రకంగా, మరీ ఎండితే మరో రకంగా చెడే వస్తువులు మన వంటింట్లో అప్పడాల నుంచి ఎన్నో ఉన్నాయి. సిద్ధబీజం వాటికి మినహాయింపు కాదు.

మీ రోజువారీ పనికి దీని అర్థం ఇది. మూటల మధ్య, గొట్టాల లోపల గాలి చిక్కుకుపోతే అక్కడికి ఆవిరి చేరదు. మీటరు 121 డిగ్రీలు చూపిస్తున్నా గాలి చిక్కిన ఆ చోట జరిగేది పొడివేడి, పొడివేడికి 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఏ మూలకూ చాలవు. నూనెలనూ పొడులనూ ఆటోక్లేవ్‌లో కాక ఓవెన్‌లో శుద్ధి చేయమనడానికి కారణం కూడా అదే, నూనెలోకి తేమ చొరలేదు. ఆవిరి శుద్ధిని పరీక్షించే పట్టీలలో జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ సిద్ధబీజాలనూ, పొడివేడి పరీక్షకు బాసిల్లస్ అట్రోఫేయస్ సిద్ధబీజాలనూ వాడతారు. ఒకదానిలో మొనగాడు రెండోదానిలోనూ మొనగాడు కానక్కరలేదు గనుక ఒకదాని బదులు మరొకటి పెట్టకూడదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్ సుమారు 120 డిగ్రీల దాకా వెళుతుంది, మూతలేని గిన్నెలో మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు. బియ్యంలో సాధారణంగా ఉండే బాసిల్లస్ సెరియస్ సిద్ధబీజాలు గిన్నెలో వండిన అన్నంలో మిగిలిపోవడానికి ఆ తేడా చాలు. అన్నం పెద్ద గిన్నెలో వెచ్చవెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మొలకెత్తి, కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలిన అన్నాన్ని పలుచగా పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమనడం ఇందుకే.

ప్రశ్న: మా బాబుకు విరేచనాలైనప్పుడు డాక్టరు గారు చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉండే మందు రాశారు. అందులో బాసిల్లస్ క్లాసీ అనే మంచి బాక్టీరియా సిద్ధబీజాలు నీటిలో ఉన్నాయని పెట్టె మీద రాసి ఉంది. నెలల తరబడి నీటిలో నానుతున్న గింజ మొలకెత్తకుండా ఎలా ఉంటుంది? (గృహిణి, కర్నూలు)

సమాధానం: శనగలను రాత్రి నానబోస్తే తెల్లవారేసరికి మోసులెత్తుతాయి కనుక మీకు ఈ సందేహం రావడం సహజం. బాక్టీరియా సిద్ధబీజానికి నీరు అవసరమే, కాని నీరే సంకేతం కాదు. దాని లోపలి త్వచంలో కాపలాదారుల వంటి గ్రాహకాలు ఉంటాయి. అవి చూసేది నీటిని కాదు, ఆహారం వచ్చిందా అన్నదానిని. చాలా జాతులలో అలనిన్ వంటి అమైనో ఆమ్లాలో, కొన్ని చక్కెరలో తగిలితేనే అవి స్పందిస్తాయి. శుద్ధమైన నీటిలో అటువంటి కబురు ఏదీ రాదు కనుక గొట్టంలోని కోట్ల సిద్ధబీజాలు ఒళ్లంతా తడిసి కూడా నిద్రలోనే ఉంటాయి.

కబురు వచ్చినప్పుడు జరిగేది చూడదగ్గ ఘట్టం. మొదట గర్భంలోని కాల్షియం, డైపికొలినిక్ ఆమ్లం కొద్ది నిమిషాలలో బయటికి దూకుతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అప్పటికీ వల్కలం బిగువు అలాగే ఉంటుంది కాబట్టి గర్భంలో నీరు సగం దాకానే పెరుగుతుంది. తరువాత రెండు ఎంజైములు వల్కలాన్ని తెగ్గోస్తాయి. వరంగల్లు విద్యార్థినికి చెప్పిన దిండు కుట్లు అప్పుడు ఊడతాయి. గర్భం ఒక్కసారిగా విచ్చుకుని, నీరు 80 శాతానికి చేరి, ప్రోటీన్లు కదలడం మొదలవుతుంది. ఆ క్షణం నుంచి అది మామూలు బాక్టీరియా. వేడికీ మందులకూ మళ్లీ మామూలుగానే లొంగుతుంది.

గొట్టాన్ని వాడే ముందు బాగా కుదపమనడానికి కారణం సిద్ధబీజాలు నీటికంటే బరువై అడుగున పేరుకోవడం, అంతకు మించిన మర్మం లేదు. మోతాదు సంగతి మీ డాక్టరు గారినే అడగండి.

అదే సూత్రానికి సంబంధించిన మరో హెచ్చరిక కూడా మీవంటి తల్లులకు ఉపయోగపడుతుంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో చాలా చోట్ల ఉన్న అలవాటు. తేనెలో నీరు దాదాపు 18 శాతమే, అదీ చక్కెరల పట్టులో ఉంటుంది. దాని నీటి క్రియాశీలత 0.6 ప్రాంతంలో ఉండగా, కండరాలు చచ్చుబడే బోటులిజం అనే జబ్బును కలిగించే క్లాస్ట్రిడియం బోటులినమ్ పెరగడానికి సుమారు 0.94 కావాలి. కాబట్టి తేనెసీసాలో ఆ సిద్ధబీజాలు ఉన్నా పెరగవు, అలాగని చావవు కూడా. పసిబిడ్డ పేగులో తేమ, ఆహారం, గాలిలేని చోటు అన్నీ దొరుకుతాయి, పెద్దల పేగులో వాటిని అడ్డుకునే బాక్టీరియా అక్కడ ఇంకా కుదురుకొని ఉండదు. ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె చుక్క కూడా వద్దని వైద్యులు చెప్పేది ఈ కారణంగానే. పెద్దవారు నొచ్చుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ప్రశ్న: మా తాతగారికి గొర్రెల మంద ఉండేది. దొమ్మరోగంతో చచ్చిన గొర్రెను కోయకుండా లోతుగా పాతిపెట్టాలనీ, ఆ స్థలంలో ఏళ్ల తరబడి మేపకూడదనీ ఆయన అనేవారు. ఏటా వానలు పడి నేల నానుతూ ఉంటే ఆ క్రిములు మొలకెత్తి చచ్చిపోవా? (రైతు, అనంతపురం జిల్లా)

సమాధానం: మీ తాతగారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. దొమ్మ అంటే ఆంత్రాక్స్. చచ్చిన పశువు ఒంట్లో ఉన్నంతసేపు ఆ బాక్టీరియా సిద్ధబీజంగా మారలేదు, దానికి ప్రాణవాయువు కావాలి. కోస్తే గాలి తగులుతుంది, అప్పుడు రక్తంలోని బాక్టీరియా సిద్ధబీజాలుగా మారి నేలలో కలుస్తుంది. వాన ఆ సిద్ధబీజాలను తడుపుతుంది, ఉబ్బిస్తుంది, ఒకచోటి నుంచి మరొకచోటికి కొట్టుకుపోయేలా చేస్తుంది. మేలుకొలపడం మాత్రం దాని వల్ల కాదు.

దీనికి లోకంలోకెల్లా చేదు రుజువు స్కాట్లండు తీరంలోని గ్రూనార్డ్ అనే చిన్న దీవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ గొర్రెలను కట్టేసి ఆంత్రాక్స్ సిద్ధబీజాల బాంబులను పరీక్షించింది. అది ఎడారి కాదు, ఏడాది పొడవునా వానలూ సముద్రపు తేమా ఉండే చోటు. అయినా నలభై ఏళ్ల తరువాత కూడా ఆ మట్టిలో సిద్ధబీజాలు సజీవంగానే ఉన్నాయి. చివరికి 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీటిలో కలిపి నేలంతా తడిపితే గాని శుద్ధి కాలేదు. 1990లో దీవి సురక్షితమని ప్రకటించారు. నాలుగు దశాబ్దాల వాన చేయలేని పనిని ఆ రసాయనం చేసింది.

మీ వైపు మందలకు పశువైద్యశాలలో దొమ్మ టీకా వేయిస్తారు. పాత సమాధుల చోట నేల తవ్వినప్పుడు, వరదకు కోసుకుపోయినప్పుడు అడుగున ఉన్న సిద్ధబీజాలు పైకి వస్తాయి కనుక అటువంటి ఏడాది టీకా మరవకండి. అకస్మాత్తుగా చచ్చి, ముక్కు నోళ్ల నుంచి గడ్డకట్టని రక్తం కారే పశువును ముట్టుకోకుండా పశువైద్యునికి కబురు చేయాలి. మాంసం అమ్ముకుందామనే ఆశ అసలే పనికిరాదు.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. బాక్టీరియా సిద్ధబీజాలతో నడిచే బొమ్మకారు ఉందని మిత్రుడు అంటే నమ్మలేదు, పందెం కూడా కాశాను. ఓడిపోయినట్లేనా? (విద్యార్థి, హైదరాబాదు)

సమాధానం: ఓడిపోయారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓజ్‌గుర్ సాహిన్ బృందం 2015లో అటువంటిది చేసి చూపింది. ఆ కారు బరువు నూరు గ్రాముల ప్రాంతం, దానిలో బ్యాటరీ లేదు. తడిసిన కాగితం నుంచి లేచే నీటి ఆవిరే దాని ఇంధనం.

అది పనిచేసే పద్ధతి ఈ శీర్షికలో ఇప్పటిదాకా చెప్పుకున్నదే. సన్నటి ప్లాస్టిక్ పట్టీకి ఒకచోట పైవైపు, ఆ పక్కచోట కిందివైపు అనే వరుసలో బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాల పూత పూస్తారు. గాలి పొడిగా ఉంటే సిద్ధబీజాలు ముడుచుకుని పట్టీని అలలుగా వంచుతాయి, దాని పొడవు తగ్గుతుంది. తేమ తగలగానే ఉబ్బి, పట్టీ సాగుతుంది. ఇటువంటి పట్టీలను చక్రం చుట్టూ అమర్చి, చక్రంలో సగం తేమ గదిలోనూ సగం బయటి గాలిలోనూ ఉండేలా చేస్తే, రెండు వైపులా బరువు సమంగా ఉండక చక్రం తిరుగుతూనే ఉంటుంది. నీటి మీద తేలే మరో నమూనాలో తేమ పెరిగితే పట్టీలు సాగి పైనున్న రెక్కలను తెరుస్తాయి, తెరిస్తే తేమ పోతుంది, పోతే పట్టీలు ముడుచుకుని రెక్కలు మూసుకుంటాయి. ఆ ఊగిసలాటతో వారు ఒక చిన్న ఎల్ఈడీ దీపాన్ని వెలిగించారు.

ఇంత సూక్ష్మమైన వస్తువుకు అంత బలం ఎక్కడిదని మీరు తప్పక అడుగుతారు. 2014లో అదే బృందం ప్రచురించిన కొలతల ప్రకారం, ఎండి తడిసే ఒక్క విడతలో సిద్ధబీజాల శక్తిసాంద్రత ఘనమీటరుకు 10 మెగాజౌళ్లు దాటుతుంది. దీనికి మూలం నీటి అణువులే. సన్నని సందులలో చిక్కుకున్న నీరు పొరలను దూరంగా నెడుతుంది, ఆ నీరు పోతే పొరలు దగ్గరగా లాగబడతాయి. 2023లో వారే మరో అడుగు వేసి, సిద్ధబీజం గట్టిదనాన్ని శాసించేది దానిలోని ఘనపదార్థం కంటే ఈ నీటి నెట్టుడే అని వాదించి, అటువంటి పదార్థాలకు ఆర్ద్ర ఘనాలు అనదగిన కొత్త పేరు పెట్టారు. ఆ పేరు నిలుస్తుందో లేదో గాని, గట్టిగా కనిపించే వస్తువుకు నీరే ఎముక అనే ఆలోచన నాకు ముచ్చటగా తోచింది.

ఇంజనీరుగా మీరు గమనించవలసిన చిక్కు కూడా చెబుతాను. సిద్ధబీజం స్పందించే వేగం దానిది కాదు, దాని చుట్టూ గాలి మారే వేగం. పూత మందమైతే నీరు లోపలికి చేరడానికి ఆలస్యం, పలుచనైతే బలం చాలదు. తీరప్రాంతపు ఉక్కపోత రోజున ఆవిరి లేవడమే మందగిస్తుంది కనుక ఆ కారు మచిలీపట్నంలో కంటే మీ హైదరాబాదు ఏప్రిల్ మధ్యాహ్నంలో హుషారుగా నడుస్తుంది. పందెం సొమ్ము చెల్లించేటప్పుడు మీ మిత్రునికి ఆ సంగతి చెప్పండి.